శానిటైజర్‌కి చావనివి: చిన్న ఆసుపత్రుల్లో స్పోర్లను వదిలించుకునే పద్ధతి

నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుని. అంతకుముందు ఎనిమిదేళ్లు విజయనగరంలో ఒక నర్సింగ్ హోమ్ ఆపరేషన్ థియేటర్‌లో చేశాను. ముప్పై, యాభై పడకల ఆసుపత్రుల్లో పనిచేసే సిస్టర్లు, థియేటర్ అసిస్టెంట్లు, శానిటేషన్ వాళ్లు, వాళ్ల పని చూసుకునే మేనేజర్ల కోసం ఇది రాస్తున్నాను. మెడికల్ కాలేజీ ఆసుపత్రులకైతే మైక్రోబయాలజీ విభాగం ఉంటుంది, సందేహం వస్తే మెట్లెక్కి వెళ్లి అడగొచ్చు. మన దగ్గర అలా అడగడానికి మనిషి ఉండడు.

ముందు స్పోరంటే ఏమిటో రెండు ముక్కలు. పాఠ్యపుస్తకాల్లో సిద్ధబీజం అంటారు. ఆ మాట వినగానే బూజు నుంచి రాలే పొడి గుర్తొస్తుంది గానీ, బ్యాక్టీరియా స్పోరు అది కాదు. బూజు తన సంతతిని పెంచుకోవడానికి స్పోర్లు చల్లుతుంది. బ్యాక్టీరియా బతికి బట్టకట్టడానికే స్పోరుగా మారుతుంది. ఎండాకాలంలో చెరువు ఎండితే కప్ప మట్టిలోకి దూరి, తొలకరి దాకా కదలకుండా పడి ఉంటుంది చూశారా, అదే పని. ఒక్క కణం ఒక్క స్పోరవుతుంది, మంచి రోజులొస్తే మళ్లీ ఒక్క కణంగా లేస్తుంది. లోపల నీరు దాదాపు ఇంకిపోయి, కాల్షియంతో కలిసిన డైపికోలినిక్ ఆమ్లం నిండి, చుట్టూ పొరల మీద పొరలు ఉంటాయి. అందుకే ఎండ, మరిగే నీళ్లు, స్పిరిట్, ఫినాయిల్, ఏదీ దాన్ని పెద్దగా కదిలించదు.

ఆసుపత్రిలో మనకు పని పెట్టేవి ముఖ్యంగా నాలుగు. యాంటీబయాటిక్స్ వాడాక విరేచనాలు పట్టించే క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్, అందరూ సీ డిఫ్ అనేది. దుమ్ములో, తడి బట్టల్లో, వండిన అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్. మట్టిలో ఉండే ధనుర్వాతం క్రిమి. గ్యాస్ గాంగ్రీన్ తెచ్చే క్లాస్ట్రిడియమ్ పర్‌ఫ్రింజెన్స్. మొదటిది వార్డు సమస్య, చివరి రెండూ థియేటర్ సమస్య, సీరియస్ మాత్రం ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరుతుంది.

మొదటి పని: ఎవరి దగ్గర మొదలైందో పట్టుకోండి

యాంటీబయాటిక్ మీద ఉన్న పేషెంటుకి, లేదా ఈమధ్యే కోర్సు అయిన పేషెంటుకి, ఒక్క రోజులో మూడు, అంతకంటే ఎక్కువ నీళ్ల విరేచనాలైతే సీ డిఫ్ అనుకునే జాగ్రత్తలు మొదలుపెట్టండి. రిపోర్టు కోసం ఆగొద్దు. మామూలు స్టూల్ కల్చర్‌లో ఇది బయటపడదు, టాక్సిన్ పరీక్ష విడిగా రాయాలి. ఆ సంగతి డ్యూటీ డాక్టరుగారికి గుర్తు చేయడంలో మొహమాటం అక్కర్లేదు.

మన జిల్లాలో ఒక సంగతి విడిగా చెప్పుకోవాలి. ఉద్దానం వైపు నుంచి డయాలసిస్‌కి వచ్చేవాళ్లు వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రి గడప తొక్కుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి సీ డిఫ్ ముప్పు మామూలు వాళ్లకంటే ఎక్కువ. పైగా ఒక కుర్చీ మీద ఒకరి తర్వాత ఒకరు కూర్చుంటారు. అక్కడ ఒకరికి విరేచనాలు ఉన్నాయని తెలిస్తే, ఆ కుర్చీని ఆ రోజు చివరి షిఫ్టుకి పెట్టుకుని, తర్వాత తీరిగ్గా శుభ్రం చేసుకోవడం మంచిది.

పేషెంటుకి విడిగా గది, విడిగా బాత్‌రూమ్ ఇవ్వాలి. గది లేకపోతే మూల మంచం, ఆ మనిషికే కేటాయించిన కమోడ్, బీపీ పట్టీ, థర్మామీటర్. అటెండెంట్ కథ మీకు తెలిసిందే. పాలకొండ నుంచి క్యారేజీ పట్టుకొచ్చిన అక్కో, చెల్లో అదే మంచం అంచున కూర్చుని అన్నం తింటుంది. గద్దించకండి. స్టూలు వేసి, "అమ్మా, ఇక్కడ కూర్చో. తినేముందు అదిగో ఆ కుళాయి దగ్గర సబ్బుతో కడుక్కో" అని చూపించండి. చూపిస్తే చేస్తారు, గోడమీద నోటీసు అంటిస్తే చదవరు.

రెండో పని: సీసా పక్కన పెట్టి కుళాయి దగ్గరకి

కోవిడ్ తర్వాత ప్రతి మంచానికీ శానిటైజర్ సీసా వేలాడుతోంది. చాలా క్రిములకి అది మంచి మందే. స్పోర్లకి మాత్రం ఏమీ చేయదు. ఇంకా విచిత్రం వినండి: ల్యాబుల్లో మలం శాంపిల్‌లోంచి సీ డిఫ్‌ని వేరు చేయాలంటే ముందు ఆల్కహాల్ పోస్తారు. మిగతావన్నీ చచ్చి, స్పోర్లు మాత్రం మిగులుతాయని! 2011లో అమెరికాలో ఇంజెక్షన్ ముందు తుడిచే ఆల్కహాల్ స్వాబ్‌లలోనే బాసిల్లస్ సీరియస్ బయటపడి, వాటిని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. స్పిరిట్‌లో నానుతూ కూడా అది హాయిగా బతికింది.

సబ్బు కూడా స్పోరుని చంపదు. చేతి మీంచి ఊడదీసి నీళ్లతో తోసేస్తుంది, మనకి అంతే కావాలి. గ్లవ్స్ తీశాక సబ్బు రాసి, వేళ్ల సందుల్లో, బొటనవేలి చుట్టూ, గోళ్ల కింద రుద్ది, పారే నీళ్లతో కడగాలి. మొత్తం 40 నుంచి 60 సెకన్లు. బకెట్‌లో చెంబు ముంచి కడిగితే ఆ బకెట్ నీళ్లే అందరికీ పంచినట్టు. గ్లవ్స్ వేసుకున్నాం కదా అని కడగడం మానేయొద్దు, తీసేటప్పుడే చేతికి అంటుకునేది ఎక్కువ.

మూడో పని: గది శుభ్రం చేయడం

సీ డిఫ్ స్పోర్లు మంచం కమ్మీల మీద, నేల మీద అయిదు నెలల దాకా బతికి ఉండగలవు. ఆ పేషెంటు డిశ్చార్జై వెళ్లిపోయి, పండగలు గడిచి, వేరేవాళ్లు ఆ మంచమెక్కినా అవి అక్కడే ఉంటాయి.

మన దగ్గర శుభ్రానికి కొలత ముక్కు. ఫినాయిల్ వాసన గుప్పుమంటే గది శుభ్రమైనట్టే అని డాక్టరుగారి దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా నమ్మకం. ఫినాయిల్‌కి స్పోర్లు చావవు. చిన్న ఆసుపత్రికి అందుబాటులో ఉండి, పని చేసేది క్లోరిన్, అంటే మనం హైపో అనే సోడియం హైపోక్లోరైట్. దానికీ మూడు షరతులున్నాయి: పాళ్లు సరిగ్గా ఉండాలి, ముందు మురికి పోవాలి, తడి తగినంతసేపు నిలవాలి.

పాళ్లు ఇలా కలపండి. కావలసింది 0.5 శాతం, అంటే 5000 పీపీఎం. డబ్బా మీద 5 శాతం అని ఉంటే ఒక లీటరు హైపోకి తొమ్మిది లీటర్ల నీళ్లు. 10 శాతం అని ఉంటే అర లీటరుకి తొమ్మిదిన్నర లీటర్లు. బ్లీచింగ్ పౌడరే దిక్కయితే, 30 శాతం క్లోరిన్ ఉన్న తాజా పౌడర్ పది లీటర్లకి సుమారు 170 గ్రాములు వేసి, కలిపి, సున్నం అడుగుకి దిగాక పై తేట మాత్రం వాడాలి. "తాజా" అన్న మాట ఊరికే రాయలేదు. మన సముద్రపు గాలికి మూతి విప్పిన బ్లీచింగ్ బస్తాలో నెల తిరిగేసరికి మిగిలేది చాలావరకు సున్నమే. హైపో డబ్బా కూడా ఎండ తగిలే కిటికీలో పెడితే సత్తువ పోతుంది. ఏ రోజు ద్రావణం ఆ రోజే కలుపుకోండి, మిగిలింది మర్నాటికి దాచొద్దు.

కలిపేటప్పుడు కిటికీ తెరవండి, గ్లవ్స్, మాస్కు, కళ్లకి అద్దాలు పెట్టుకోండి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌తో గానీ, ఆ జాతి క్లీనర్లతో గానీ హైపోని ఎట్టి పరిస్థితిలోనూ కలపొద్దు. విషపు క్లోరిన్ గ్యాస్ వస్తుంది. "రెండూ కలిపితే బాగా తెల్లబడతాది" అని కలిపి, దగ్గుతూ బయటికి పరిగెత్తిన మనిషిని నేను చూశాను.

ఇక తుడిచే వరస:

1. ముందు చెత్త, వాడిన డయాపర్లు, డ్రెస్సింగులు పసుపు కవర్లో కట్టేయాలి. దుప్పట్లు దులపకుండా, మంచం మీదే లోపలికి చుట్టి నేరుగా సంచిలో వేయాలి.
2. పొడి చీపురు ముట్టుకోవద్దు. చీపురు స్పోర్లని నేల మీంచి గాల్లోకి, గాల్లోంచి మంచాల మీదకి పంపుతుంది. తడి మాపే.
3. సబ్బు నీళ్లతో ఒకసారి పూర్తిగా తుడవాలి. మలం, రక్తం మీద హైపో పోస్తే దాని బలమంతా ఆ మురికికే ఖర్చైపోతుంది.
4. తర్వాత హైపో. శుభ్రంగా ఉన్న వైపు నుంచి మురికి వైపుకి, పై నుంచి కిందికి. ఐవీ స్టాండు, కాలింగ్ బెల్, స్విచ్చులు, మంచం కమ్మీలు, లాకర్ పిడి, తలుపు గడియ, కుళాయి తిప్పే చోటు, చివరికి కమోడ్. తుడిచిన గుడ్డని మళ్లీ బకెట్లో ముంచొద్దు, గుడ్డలు మారుస్తూ పోవాలి.
5. పది నిమిషాలు తడిగా ఉంచాలి.
6. తర్వాత స్టీలు సామాన్లు మంచినీళ్లతో తుడవాలి, లేకపోతే తుప్పు పడతాయి.

అయిదోది చదవడానికి ఒక్క వాక్యమే, జరగనిది మాత్రం అదే. మే నెలలో, పైన ఫ్యాన్ తిరుగుతుంటే, కమ్మీ మీద తడి మూడు నాలుగు నిమిషాలకే ఆరిపోతుంది. ఒకసారి గడియారం పెట్టుకుని చూస్తే గానీ నేనూ నమ్మలేదు. ఫ్యాన్ ఆపించి, ఆరిన చోట మళ్లీ తడపమన్నాను. మా శానిటేషన్ అప్ప మాపు గోడకి ఆనించి, "ఏటి సిస్టరమ్మా, ఇప్పుడే తుడిసేను కదా, తడి మీద మళ్లీ తడేటి?" అంది. తప్పు ఆమెది కాదు. తుడవడం అంటే మురికి కనబడకుండా చేయడమని ఆమెకి నేర్పింది మనమే. ఇంట్లో మరకపడ్డ చీరని సర్ఫులో నానబెట్టి కాసేపు వదిలేస్తారు కదా, అలాంటిదే అప్పా అన్నాను. ఆ తర్వాత ఆవిడే కొత్తవాళ్లకి ఫ్యాన్ స్విచ్ ఆపించేది.

పేషెంటు ఉన్నన్నాళ్లూ రోజూ, వెళ్లాక ఒకసారి కర్టెన్లతో సహా చేయాలి. విరేచనాలు తగ్గాయి కదా అని ఆ రోజే ఆపేయొద్దు, తగ్గాక కనీసం రెండు రోజులు కొనసాగించండి.

నాలుగో పని: ఆటోక్లేవ్

ఇక్కడ కాస్త తీరిగ్గా చదవండి. వార్డులో స్పోరుని కడిగి పంపినా సరిపోతుంది. కడుపులోకి వెళ్లే కత్తెర మీద మాత్రం ఒక్కటి కూడా బతికి ఉండకూడదు.

కొన్ని క్లినిక్‌లలో ఇప్పటికీ స్టీలు బాయిలర్లో సామాన్లు మరిగించి స్టెరిలైజ్ చేశామంటారు. నీళ్లు వంద డిగ్రీలకి మించి వేడెక్కవు, స్పోరుకి అది చాలదు. పాశ్చర్ దగ్గర పనిచేసిన చార్లెస్ షాంబర్లాండ్ 1879లో ఆటోక్లేవ్ చేసింది ఇందుకే. ఆవిరిని బంధించి, ప్రెషర్ పెంచితే వేడి వందని దాటుతుంది. 15 పౌండ్ల ప్రెషర్ దగ్గర 121 డిగ్రీలు. గుడ్డలో చుట్టిన సామాన్లకి మన నిలువు ఆటోక్లేవ్‌లో ఆ వేడి 30 నిమిషాలు నిలవాలి, ఆ తర్వాత ఆరడానికి ఇంకో 15 నుంచి 30 నిమిషాలు.

లోపల గాలి మిగిలితే ఈ లెక్క తప్పుతుంది. ఇంట్లో కుక్కర్ మీద వెయిట్ ఎప్పుడు పెడతాం? ముక్కులోంచి ఆవిరి బుస్సుమని ధారగా వచ్చాక. ఆటోక్లేవ్‌కీ అంతే. గాలి పూర్తిగా పోయి, ఆవిరి ఆగకుండా వచ్చాకే వాల్వ్ మూయాలి. గాలి మిగిలిపోతే ప్రెషర్ ముల్లు 15 దగ్గరే నిలబడుతుంది గానీ లోపల వేడి 121కి చేరదు. అందుకే ప్రెషర్ మీటరు, ఉష్ణోగ్రత మీటరు రెండూ చూడాలి. ఉష్ణోగ్రత 121 తాకిన నిమిషం నుంచే 30 లెక్కపెట్టాలి, స్విచ్ వేసినప్పటి నుంచి కాదు.

మధ్యలో కరెంటు పోతే? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను దాకా ఎందుకు, మామూలు రోజుల్లోనే పోతుంది కదా. 20 నిమిషాలైంది, కరెంటొచ్చాక ఇంకో పది పెడదాం అనుకోవద్దు. మళ్లీ సున్నా నుంచి 30.

ఇక సామాన్లు పెట్టి ఆటోక్లేవ్‌లో దించే స్టీలు డ్రమ్ము సంగతి. ముప్పాతికకి మించి నింపొద్దు. ప్యాకుల మధ్య చెయ్యి నిలువుగా దూరేంత సందు ఉండాలి. క్లిప్పులున్న పరికరాలు విప్పి పెట్టాలి. డ్రమ్ము పక్కన ఉండే రంధ్రాల పట్టీ లోపలికి పెట్టేటప్పుడు తెరిచి ఉండాలి, బయటికి తీయగానే మూయాలి. ఈ పట్టీ వల్ల నేను పడ్డ టెన్షన్ జీవితంలో మర్చిపోను.

విజయనగరంలో చేసేటప్పుడు ఒక బుధవారం మామూలుగా స్పోరు పరీక్ష పెట్టాం. అంటే బతికున్న స్పోర్లున్న చిన్న గొట్టం, ఆంప్యూల్ అంటాం, దాన్ని సామాన్లతో పాటు లోపల పెట్టి, చచ్చాయా లేదా చూడటం. ఆ ఆంప్యూల్‌లో ఉండేది జియోబాసిల్లస్ స్టీరోథెర్మోఫిలస్. మనిషికి హాని చేయదు, ఆవిరికి మాత్రం మొండిది, అందుకే దాన్ని ఎంచుకున్నారు. ఇది చచ్చిందంటే మిగతావీ చచ్చినట్టే. డ్రమ్ము మీద అంటించే, వేడికి రంగు మారే టేపు చారలు నల్లగా, చక్కగా వచ్చాయి. ఆంప్యూల్‌ని ఇంక్యుబేటర్లో పెట్టి ఇంటికెళ్లిపోయాను. పొద్దున్న వచ్చి చూస్తే ఊదా రంగులో ఉండాల్సింది నిమ్మపండు రంగుకి తిరిగి ఉంది. అంటే బతికే ఉన్నాయి. కొత్తగా చేరిన కుర్రాడు డ్రమ్ము పట్టీ మూసేసి పెట్టాడు. ఆవిరి డ్రమ్ము బయట తిరిగింది గానీ లోపలి గుడ్డల్లోకి వెళ్లలేదు. టేపు అంటించింది డ్రమ్ము బయట కదా, దానికి వేడి తగిలింది, నల్లబడింది. టేపు చెప్పేది ఈ డ్రమ్ము ఆటోక్లేవ్‌లోకి వెళ్లొచ్చిందని మాత్రమే.

కాబట్టి మూడూ కావాలి: బయట టేపు, ప్రతి ప్యాకు మధ్యలో కెమికల్ స్ట్రిప్, వారానికి ఒక్కసారైనా స్పోరు పరీక్ష. ప్లేట్లు, కీళ్లలాంటి ఇంప్లాంట్లు ఉంటే ప్రతి లోడుకీ. ఆంప్యూల్‌ని ఆవిరి కష్టంగా చేరే చోట, అంటే నిండు లోడులో ప్యాకు నడుమన, డ్రెయిన్ వైపు పెట్టాలి. పైన ఖాళీగా ఉన్నచోట పెట్టి పాసైందనుకోవడం మనల్ని మనమే మోసం చేసుకోవడం. చల్లారాక నలిపి, కంపెనీ చెప్పిన వేడిలో, ఎక్కువగా 55 నుంచి 60 డిగ్రీల మధ్య, 24 నుంచి 48 గంటలు ఉంచాలి. పక్కనే అదే బ్యాచ్‌ది ఆటోక్లేవ్ చేయని ఆంప్యూల్ ఒకటి పెట్టండి. అది రంగు మారాలి. మారకపోతే ఆ పరీక్షే చెల్లదు.

తడిసి బయటికొచ్చిన ప్యాకు స్టెరైల్ కాదు. తడి గుడ్డలోంచి బయటి క్రిములు లోపలికి దారి చేసుకుంటాయి. డాక్టరుగారు స్క్రబ్ అయి నిలబడి ఉన్నా సరే, పక్కన పడేయాల్సిందే.

మిగతావి

వేడికి తట్టుకోని స్కోపులకి గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక ద్రావణం వాడతాం. 20 నిమిషాలు ముంచితే మామూలు క్రిములు పోతాయి. 2 శాతం ద్రావణంలో స్పోర్లు చావాలంటే పది గంటలు కావాలి. లాప్రోస్కోపీ సామాను 20 నిమిషాలు ముంచి స్టెరైల్ అని రాసేది చాలాచోట్ల చూశాను, అది తప్పు. యాక్టివేట్ చేసిన తేదీ డబ్బా మీద రాయండి, కంపెనీ చెప్పిన గడువు దాటితే పారబోయండి.

బట్టల విషయంలో అసలు శత్రువు తడి. ఉతికిన దుప్పట్లు వానాకాలంలో సగం ఆరీ ఆరకుండా మడతపెట్టి, గాలాడని బీరువాలో కుక్కితే బాసిల్లస్ సీరియస్ అక్కడే పెరుగుతుంది. పూర్తిగా ఆరనివి బీరువా ఎక్కకూడదు.

థియేటర్‌లో ఫార్మాలిన్, పర్మాంగనేట్ పొగ పెట్టే అలవాటు నాకు నచ్చదు. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ తెస్తుందని తేలిపోయింది, పైగా దుమ్ము తుడవకుండా పొగ పెడితే ప్రయోజనం తక్కువ. ఆ డబ్బు మాపులకి, గుడ్డలకి పెట్టండి. అలాగే నెలనెలా గోడలకి స్వాబ్‌లు తీసి కల్చర్‌కి పంపడం కూడా దండగే. కేసులు వరసగా వస్తే అప్పుడు, ఎక్కడ వెతుకుతున్నామో తెలిసి తీయాలి.

క్యాంటీన్‌కి ఒక్క మాట: అన్నం ఉడికినా బాసిల్లస్ సీరియస్ స్పోర్లు మిగులుతాయి. పొద్దున్న వండింది గిన్నెలోనే రాత్రిదాకా వెచ్చగా ఉంటే లేచి, టాక్సిన్ వదులుతాయి, మళ్లీ వేడిచేసినా ఆ టాక్సిన్ పోదు. పేషెంట్లకి ఏ పూటది ఆ పూటే వండాలి. ప్రసూతి వార్డులో ఇంకొకటి, పసిబిడ్డ నాలుకకి తేనె రాసే అమ్మమ్మలకి సున్నితంగా అడ్డుపడండి. తేనెలో బొటులిజం స్పోర్లు ఉండొచ్చు, ఏడాది నిండేదాకా వద్దు.

స్పోరు పరీక్ష ఫెయిలైతే

ఆ బుధవారం మేం చేసింది, మీరు చేయాల్సింది ఇదే. ఆటోక్లేవ్‌కి "వాడొద్దు" అని కాగితం అంటించండి. కిందటి పరీక్ష పాసైన రోజు నుంచి అందులోంచి వచ్చిన ప్రతి ప్యాకునీ వెనక్కి తెప్పించండి, వార్డు ట్రాలీలో ఉన్నవాటితో సహా. లోడు ఎలా నింపారో, పట్టీ, వాల్వ్, మూత రబ్బరు, రెండు మీటర్లు చూడండి. తప్పు దిద్ది మళ్లీ పరీక్ష పెట్టండి. అది పాసయ్యేదాకా వేరే మిషన్‌లో చేయించుకోండి. వాడేసిన ప్యాకులు ఏ పేషెంటుకి వాడారో చెప్పేది లోడు రిజిస్టరే. తేదీ, లోడు నంబరు, 121 తాకిన సమయం, దించిన సమయం, చేసినవాళ్ల సంతకం, ఈ అయిదు గడులూ రోజూ నింపి ఉంటేనే ఆ పని అరగంటలో తేలుతుంది.

మాకు అరగంట పట్టలేదు, రెండు రోజులు పట్టింది. రిజిస్టర్లో లోడు నంబరు గడి మూడు వారాలుగా ఖాళీగా ఉంది. ఆ మూడు వారాల్లో సంతకాలు నావే.